రెండు నగరాల నడుమ దూరమెంత?

ఆ మధ్య ఒక క్విజ్ పోటీకి మా బడి పిల్లలను వెంటబెట్టుకుని వెళ్ళాను. మూడో రౌండులో ప్రశ్న వచ్చింది: "హైదరాబాదు నుండి ఢిల్లీకి దూరం ఎంత?" మా తొమ్మిదో తరగతి అమ్మాయి లేచి నిలబడి, ఏమాత్రం తడబడకుండా, "ఏ తొవ్వల పోతే సార్?" అని అడిగింది. హాలంతా నవ్వింది. ప్రశ్నలడిగే పెద్దమనిషి కూడా నవ్వి, "తొవ్వలతో మనకు పనిలేదమ్మా, ఒక్క సంఖ్య చెప్పు చాలు" అన్నాడు. అమ్మాయి చెప్పలేదు. ప్రశ్న పక్క జట్టుకు పోయింది. ఆ జట్టు కుర్రవాడు జనరల్ నాలెడ్జి పుస్తకంలో బట్టీపట్టిన అంకె ఒకటి గడగడా అప్పజెప్పాడు. పది మార్కులు వాడికి. మేము ఆ పది మార్కుల తేడాతోనే ఓడిపోయాము.

ఓటమి సంగతి అట్లా ఉంచండి. భౌతికశాస్త్రం చెప్పే పంతులును, ముందు వరుసలోనే కూర్చుని ఉన్నాను. "అమ్మాయి అడిగినది సరైన ప్రశ్నే" అని లేచి ఒక్క మాట అనలేకపోయాను. తిరుగు ప్రయాణంలో బస్సులో ఆ అమ్మాయి కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఆ తరువాత రెండు వారాలు తరగతిలో ఒక్క ప్రశ్న అడగలేదు. అది నన్ను బాధించింది. ఆనాడు అనవలసిన మాట ఇప్పుడు ఇక్కడ అంటున్నాను. రెండు నగరాల మధ్య దూరానికి గాని, విమాన ప్రయాణానికి పట్టే కాలానికి గాని ఒక్క అంకెను జవాబుగా కట్టబెట్టడం సైన్సు కాదు. ఏ దారిన, ఏ దిక్కుగా, ఏ రోజున అన్నది తెలియకుండా చెప్పే అంకె సగం జవాబే.

ముందు ఆ క్విజ్ ప్రశ్ననే తీసుకోండి. హైదరాబాదు నుండి ఢిల్లీకి తెలంగాణా ఎక్స్‌ప్రెస్‌లో కూర్చుంటే నాగపూర్, భోపాల్, ఝాన్సీల మీదుగా 1,650 కిలోమీటర్లకు పైగానే ప్రయాణం చేస్తారు. రోడ్డున లారీలో పోయేవాడికి 1,500 పైచిలుకు. భూమి ఉపరితలం మీద ఈ కొస నుండి ఆ కొసకు దారం బిగించి లాగినట్లు కొలిస్తే రమారమి 1,255 కిలోమీటర్లు. అమ్మాయికి ఈ మూడూ తెలుసు. తెలుసు కాబట్టే అడిగింది.

ఇక కాలం సంగతి. పెద్ద జెట్ విమానం ఆకాశంలో గంటకు 850 నుండి 900 కిలోమీటర్ల వేగంతో పోతుంది. 1,255ను 900తో భాగిస్తే గంటా ఇరవై నాలుగు నిమిషాలు రావాలి. టికెట్టు మీద మాత్రం రెండుంపావు గంటల దాకా రాసి ఉంటుంది. మిగతా సమయం ఏమైంది? విమానం తన చోటు నుండి కదిలి రన్‌వే మొదటికి నడవాలి. ముందున్న విమానాలు లేచేదాకా ఆగాలి. పైకెక్కేటప్పుడు, కిందికి దిగేటప్పుడు పూర్తి వేగం ఉండదు. ఢిల్లీలో రద్దీ ఉంటే గాలిలో ఒకటి రెండు చుట్లు తిరగాలి. చివరకు దిగి, మళ్ళీ మెల్లగా నడుస్తూ గేటు దగ్గరకు చేరాలి. దూరాన్ని కాలంతో భాగిస్తే వేగం వస్తుందని మనం ఏడో తరగతి నుండి నేర్పుతున్నాము. అది సగటు వేగమని కూడా చెబుతాము. కాని లెక్కలో రైలు బయలుదేరీ బయలుదేరగానే పూర్తి వేగంతో పరుగెత్తుతుంది, ఎక్కడా ఆగదు. అటువంటి రైలు నేనింతవరకు ఎక్కలేదు.

ఢిల్లీ దగ్గరి ఊరే. దూరం పెరిగిన కొద్దీ ఈ ముడి ఇంకా బిగుసుకుంటుంది. నేను దాచుకున్న ఒక పత్రికా కత్తిరింపు గురించి చెబుతాను. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా వారి బోయింగ్ 777 విమానమొకటి అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నుండి ఎక్కడా దిగకుండా, ఉత్తర ధ్రువం మీదుగా బెంగుళూరు వచ్చింది. విమానం నడిపిన పైలట్లందరూ స్త్రీలే. కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వం వహించగా, కెప్టెన్ పాపగారి తన్మయి మొదలైనవారు తోడున్నారు. ఆ వార్త చదివి సంతోషించి కత్తిరించి పెట్టుకున్నాను. తీరా రెండోసారి చదివేసరికి ఒక సంగతి కంటబడింది. ఒకచోట రెండు నగరాల మధ్య దూరం 13,993 కిలోమీటర్లని ఉంది. మరొకచోట విమానం 16,000 కిలోమీటర్ల దూరం ప్రయాణించిందని ఉంది. రెండు వేల కిలోమీటర్ల తేడా! కాశ్మీరు నుండి కన్యాకుమారి దాకా ఎంత దూరముంటుందో ఊహించుకోండి, రమారమి మూడు వేలు. అందులో మూడింట రెండు వంతులు ఒకే వార్తలో గల్లంతయిందన్నమాట. ఏది నిజం?

బడులు మళ్ళీ తెరిచాక ఈ కత్తిరింపు తరగతికి తీసుకుపోయాను. ఆ అమ్మాయి చదివే తరగతి వంతు ఈ మధ్య వచ్చింది. గోడకు వేలాడే ప్రపంచ పటం చూపించి, "మీరే కొలవండి" అన్నాను. ఆ పటం మీద భూమధ్యరేఖ పొడవు 120 సెంటీమీటర్లు. భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లు కాబట్టి ఒక్కో సెంటీమీటరుకు 333 కిలోమీటర్లు. ఒక కుర్రవాడు బెంగుళూరు నుండి పడమటిగా అరేబియా సముద్రం, ఆఫ్రికా, అట్లాంటిక్ దాటించి అమెరికా ఆవలి ఒడ్డు దాకా స్కేలు పెట్టాడు. 67 సెంటీమీటర్లు వచ్చింది. గుణిస్తే 22,300 కిలోమీటర్లు. పత్రికలో రెండు అంకెలు చాలవన్నట్లు ఇప్పుడు మూడోది!

అప్పుడు నేనొక ప్రశ్న అడిగాను. "భూమి మీద ఏ రెండు చోట్ల మధ్యనైనా దూరం ఎంతకంటె ఎక్కువ ఉండటానికి వీలులేదు?" కాసేపు నిశ్శబ్దం. తరువాత వెనుక బెంచీ నుండి జవాబు వచ్చింది: "ఇరవై వేలు సార్. అంతకంటె ఎక్కువైతే అటునుంచి తిరిగొస్తే దగ్గర." ఎంత చక్కని జవాబు! చుట్టు మొత్తం నలభై వేలైతే, సరిగ్గా ఎదురుబొదురు చోట్లకు కూడా సగం చుట్టే. కనుక 22,300 అనే దూరం భూమి మీద దగ్గరి దారి కాజాలదు. స్కేలు తప్పు చూపలేదు, కుర్రవాడి గుణకారమూ తప్పు కాదు. పటమే మోసం చేసింది.

మోసమంటే కోపగించుకోవద్దు. గుండ్రని భూమిని చదునైన కాగితం మీద పరచాలంటే ఎక్కడో ఒకచోట సాగదీయక తప్పదు. బత్తాయి తొక్క వలిచి బల్ల మీద అదిమి చూడండి, చిరగకుండా పరుచుకోదు. మన గోడ పటాల్లో కొన్ని 1569లో మెర్కేటర్ అనే ఆయన కనిపెట్టిన పద్ధతిలో గీసినవి. ఓడ నడిపేవారికి అది ఎంతో ఉపకారం చేసింది, దిక్సూచి ఒకే కోణంలో పట్టుకుని పోతే పటం మీద సరళరేఖ వస్తుంది. కాని ఆ ఉపకారానికి మూల్యం ఉన్నది. ధ్రువాల వైపు పోయిన కొద్దీ దేశాలు ఉబ్బిపోతాయి. ఆ పటంలో గ్రీన్‌లాండు ఆఫ్రికాతో సమానంగా కనబడుతుంది. నిజానికి ఆఫ్రికా దానికి 14 రెట్లు పెద్దది. 60 డిగ్రీల అక్షాంశం దగ్గర భూమిని తూర్పుపడమరలుగా చుట్టిరావాలంటే 20,000 కిలోమీటర్లే, పటంలో మాత్రం అదీ భూమధ్యరేఖంత పొడవే. అంటే ఉత్తరం వైపు అడ్డదారులున్నాయి, పటం వాటిని దాచిపెడుతున్నది.

బీరువా పైన దుమ్ము కొట్టుకుని ఉన్న గ్లోబును దించాము. చాలా బడుల్లో గ్లోబు పరిస్థితి ఇదే. తనిఖీకి ఎవరైనా వస్తే దించి తుడుస్తాము, వారు వెళ్ళగానే మళ్ళీ పైకెక్కిస్తాము. పిల్లలు ముడితే విరుగుతుందని భయం. విరిగితే విరగనివ్వండి, వాడి విరగడం వాడకుండా చివికిపోవడం కంటె మేలు. మా గ్లోబుకు భూమధ్యరేఖ మీదుగా దారం చుట్టి కొలిస్తే 96 సెంటీమీటర్లు వచ్చింది. అంటే సెంటీమీటరుకు 417 కిలోమీటర్లు. తరువాత దారం ఒక కొన శాన్‌ఫ్రాన్సిస్కో మీద, రెండో కొన బెంగుళూరు మీద పెట్టి బిగించి లాగాము. బిగించగానే దారం దానంతటదే జారి ఉత్తరానికి పోయింది! పసిఫిక్ మహాసముద్రం మధ్యనుండి కాక అలాస్కా, సైబీరియా, మంగోలియా, టిబెట్‌ల మీదుగా పడుకున్నది. కొందరికి 33, కొందరికి 34 సెంటీమీటర్లు వచ్చాయి. మధ్యస్థంగా 33న్నర తీసుకుంటే 13,960 కిలోమీటర్లు. పత్రికలోని 13,993కి ఎంత దగ్గరో చూడండి.

ఇట్లా బిగించిన దారం నిలిచే రేఖను మహావృత్తం అంటారు. గోళాన్ని సరిగ్గా రెండు సగాలుగా కోసే వృత్తమన్నమాట. భూమి మీద రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారి ఎప్పుడూ మహావృత్తం మీదే ఉంటుంది. దీనికి సూత్రం ఉన్నది, పై తరగతుల్లో త్రికోణమితి వచ్చాక నేర్చుకుంటారు. అంతవరకు దారం చాలు.

అంతలో క్విజ్‌లో ఓడిన ఆ అమ్మాయి దారం మీద వేలు ఆనించి అడిగింది: "సార్, ఈ దారం మన మీదికెల్లే పోతుంది గదా? మరి ఆ విమానం మనకు కనపడలేదేంది?" రెండు వారాల మౌనం అట్లా వీడింది. ఆమె చూపు ఎంత సూటిదంటే, ఇంటికి పోయి లెక్కవేసి చూశాను. నిజమే! బెంగుళూరు నుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు అతి దగ్గరి రేఖ కడప జిల్లా మీదుగా వచ్చి, నల్లగొండ పట్టణానికి కాస్త పడమటగా దాటి ఉత్తరానికి పోతుంది. మాది ఆ ప్రాంతమే. మరి విమానం ఆ దారిన ఎందుకు రాలేదు?

కారణం టిబెట్టు. విమానం పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పోతుంది కదా, కొండలు ఎనిమిదీ తొమ్మిదీ దాటవు కదా అని మీకు తోచవచ్చు. చిక్కు మామూలు వేళ కాదు, ఆపద వేళ. అంత ఎత్తున బయటి గాలి పీల్చి బతకలేము. అందుకే లోపల గాలిని ఒత్తిడితో నింపి ఉంచుతారు. ఏ కారణం వల్లనైనా ఆ ఒత్తిడి పోతే ప్రయాణికులకు ఆక్సిజన్ ముసుగులు జారుతాయి. కాని అవి పనిచేసేది కొద్ది నిమిషాలే. ఆ కొద్ది నిమిషాల్లో పైలట్ విమానాన్ని మామూలుగా ఊపిరి ఆడే ఎత్తుకు, అంటే రమారమి 3,000 మీటర్లకు దించాలి. టిబెట్టు పీఠభూమి సగటు ఎత్తే 4,500 మీటర్లకు పైన! కిందికి దిగడానికి చోటే లేదు. అక్కడ ఎగరాలంటే అదనపు ఆక్సిజన్, ముందే గీసిపెట్టిన తప్పించుకునే దారులు కావాలి. అంతకంటె పక్కగా చుట్టి పోవడమే చాలా విమానాలకు నయం.

మరి ఉత్తర ధ్రువం మీదుగా అయితే ఎంత? దీనికి దారం కూడా అక్కరలేదు, అక్షాంశాలు తెలిస్తే నోటితో చెప్పవచ్చు. శాన్‌ఫ్రాన్సిస్కో 38 డిగ్రీల దరిదాపున ఉంది, అక్కడ నుండి ధ్రువానికి 52 డిగ్రీలు. బెంగుళూరు 13 డిగ్రీలు, ధ్రువం నుండి 77. కలిపితే 129. డిగ్రీకి 111 కిలోమీటర్లు. (ఈ 111 ఎక్కడిదంటారా? 1790లలో ఫ్రెంచివారు మీటరును నిర్ణయించినప్పుడు ధ్రువం నుండి భూమధ్యరేఖ దాకా ఉన్న దూరంలో కోటో వంతుగా తీసుకున్నారు. కనుక 90 డిగ్రీలకు 10,000 కిలోమీటర్లు.) గుణిస్తే 14,300 పైచిలుకు వస్తుంది. ధ్రువం ఎక్కివచ్చినా అతి దగ్గరి దారి కంటె మూడు నాలుగు వందల కిలోమీటర్లే ఎక్కువ! గోడ పటం చూసి ఈ సంగతి ఎవరు నమ్ముతారు? అయితే ధ్రువం నుండి బెంగుళూరుకు నిట్టనిలువుగా దిగినా మళ్ళీ కొండలే. లేహ్ పట్టణమూ బెంగుళూరూ దాదాపు ఒకే రేఖాంశం మీద ఉన్నాయి. తియాన్ షాన్, కారకోరం పర్వతాలు దారికడ్డం. అందుకని విమానం పడమటిగా వంగి రావలసి ఉంటుంది. 13,993 దారం కొలిచిన దూరం, 16,000 విమానం నడిచిన దూరం. పత్రికలోని రెండు అంకెలూ నిజమే. ఏది దేనికి జవాబో చెప్పకపోవడమే లోపం.

ఆ కత్తిరింపులో మరో తమాషా ఉంది. కాలపట్టిక ప్రకారం విమానం శాన్‌ఫ్రాన్సిస్కోలో జనవరి 9 రాత్రి 8.30కి బయలుదేరి బెంగుళూరులో 11వ తేదీ తెల్లవారుజామున 3.45కు దిగాలి. గడియారాలు చూసి లెక్కిస్తే 31 గంటల 15 నిమిషాలు. అంతసేపు ఎగరడానికి ఏ ప్రయాణికుల విమానంలోనూ ఇంధనం చాలదు. మన గడియారం గ్రీన్‌విచ్ కంటె అయిదున్నర గంటలు ముందుంటుంది, వారిది చలికాలంలో ఎనిమిది గంటలు వెనుక. తేడా 13 గంటల 30 నిమిషాలు. 31.15లో నుండి అది తీసేస్తే 17 గంటల 45 నిమిషాలు. ఇప్పుడు 16,000ను పదిహేడుంముప్పావుతో భాగించండి. గంటకు 900 కిలోమీటర్ల పైన ఒక పిసరు వస్తుంది, పెద్ద జెట్ విమానానికి తగిన వేగమే. 13,993ను భాగిస్తే 788 వస్తుంది. విమానం నిజంగా ఎంత దూరం నడిచిందో కాలమే సాక్ష్యం చెబుతున్నదన్నమాట.

కాని కాలాన్ని కూడా గుడ్డిగా నమ్మకండి. దారి ఒక్కటే కాదు, దిక్కూ ముఖ్యమే. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా తన ఢిల్లీ – శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ దారి మాన్పించి తూర్పుగా పసిఫిక్ మీదుగా నడిపింది. కొత్త దారి 15,300 కిలోమీటర్లు, పాత దారి కంటె 1,400 ఎక్కువ. అయినా ప్రయాణకాలం రెండు గంటల దాకా తగ్గి పధ్నాలుగున్నర గంటలయింది! ఎక్కువ దూరం, తక్కువ కాలం. 15,300ను పధ్నాలుగున్నరతో భాగిస్తే 1,055 వస్తుంది. విమానం సొంత వేగం 900 అనుకుంటే మిగిలిన 150 ఎవరిచ్చారు?

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. ఆ వార్త వచ్చినప్పుడు, భూమి పడమర నుండి తూర్పుకు తిరుగుతుంది కనుక తూర్పుగా పోయే విమానానికి లాభమని కొందరు రాశారు. నేను కూడా తరగతిలో అదే మాట అనేశాను. ఇంటికి పోయి భోజనానికి కూర్చున్నాక తట్టింది. భూమి తిరుగుడే నేరుగా పనిచేస్తే ఫలితం తలకిందులు కావాలి కదా! తూర్పుగా పోయే విమానానికి ఊరు పారిపోతుండాలి, పడమటిగా పోయేదానికి ఊరే ఎదురు రావాలి. అసలు మన హైదరాబాదు దగ్గర నేల గంటకు 1,590 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు తిరుగుతున్నది. అట్లాగైతే హెలికాప్టరులో ఎగిరి గంటసేపు గాలిలో నిలబడితే బొంబాయి దాటి అరేబియా సముద్రం కాళ్ళ కిందికి రావాలి. రాదు. నేలతోపాటు గాలి తిరుగుతున్నది, గాలితోపాటు విమానమూ తిరుగుతున్నది. నడిచే రైలులో రూపాయి బిళ్ళ ఎగరేస్తే మళ్ళీ మీ చేతిలోనే పడటం లేదూ? మర్నాడు తరగతిలో "నిన్న నేను చెప్పింది తప్పు" అని మొదలుపెట్టాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఎందుకు కొట్టారో నాకిప్పటికీ సరిగా తెలియదు.

అసలు కారణం జెట్ స్ట్రీమ్. తొమ్మిది నుండి పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమర నుండి తూర్పుకు ఏరులాగా పారే గాలి అది. చలికాలంలో గంటకు 200 కిలోమీటర్లు దాటి వీయడం మామూలే. ఉష్ణమండలపు వేడిమికీ ధ్రువాల చలికీ ఉన్న తేడా దానికి బలం, భూమి తిరుగుడు దానికి దిక్కు చూపుతుంది. అంచేత భూమి తిరుగుడుకు బొత్తిగా సంబంధం లేదనలేము, కాని అది పనిచేసేది గాలి ద్వారా. ఈ గాలిని 1920లలోనే జపాను శాస్త్రజ్ఞుడు వాసబురో ఓయిషి బెలూన్లు ఎగరేసి కొలిచాడు. ప్రపంచమంతా చదవాలని తన నివేదికను 1926లో ఎస్పెరాంటో భాషలో ప్రచురించాడు. పాపం, ఆ భాష వచ్చినవారు ఎంతమంది? ఎవరూ పట్టించుకోలేదు. 1944లో జపాను మీదికి పోయిన అమెరికా బాంబర్లు ఆ గాలిలో చిక్కుకున్నాకగాని దాని సత్తా లోకానికి తెలియలేదు. 2020 ఫిబ్రవరిలో బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానమొకటి ఆ గాలివాలున న్యూయార్క్ నుండి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. మామూలుగా ఆరు గంటలు పైనే పడుతుంది. ఎదురుగా పడమటికి పోయేవారికి అదే గాలి అడ్డంపడుతుంది. ఇప్పుడు చెప్పండి, న్యూయార్క్ నుండి లండన్‌కు ప్రయాణకాలం ఎంత?

గాలి సంగతి ఇట్లా ఉంటే మనుషులు కూడా దూరాలు మారుస్తున్నారు. 2022 దాకా ఫిన్లాండు నుండి జపానుకు విమానాలు సైబీరియా మీదుగా తొమ్మిది పది గంటల్లో పోయేవి. ఉక్రెయిన్ యుద్ధం వచ్చి రష్యా గగనతలం వారికి మూతబడ్డాక, చుట్టు తిరిగి పదమూడు గంటలు పట్టింది. 2025 ఏప్రిల్‌లో పాకిస్థాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసినప్పుడు ఢిల్లీ నుండి యూరపుకూ అమెరికాకూ పోయేవి చుట్టుదారి పట్టాయి. నగరాలు అంగుళం కూడా జరగలేదు. గ్లోబు మీద దారం పొడవూ మారలేదు. ప్రయాణం మాత్రం పెరిగింది.

నా తోటి ఉపాధ్యాయులొకరితో ఈ మాటలన్నీ చెబితే ఆయన, "అంతా బాగానే ఉంది గాని, పేపరు దిద్దేవాడికి ఒక్క జవాబు కావాలి కదండీ!" అన్నారు. ఆయన మాటలో నిజం లేకపోలేదు. నూరు పేపర్లు ముందేసుకుని కూర్చున్నవాడి కష్టం నాకు తెలుసు. కాని ఒక్క జవాబు కావాలంటే ప్రశ్నలో ఒక్క మాట చేర్చవచ్చు. "రైలు దారిన" అనవచ్చు, "గ్లోబు మీద దారంతో" అనవచ్చు. ప్రశ్న వేసినవాడు ఆ ఒక్క మాట మరచిపోయి, దాన్ని గుర్తు చేసిన పిల్లకు సున్నా వేయడం ఏమి న్యాయం? బట్టీపట్టిన కుర్రవాడి మీద నాకు కోపం లేదు. వాడి చేతికి ఆ పుస్తకమిచ్చింది మనమే. ఆ పుస్తకాల్లో ఏ అంకె పక్కనా అది ఎట్లా కొలిచారో ఒక్క ముక్క ఉండదు. నేను వాటిని మా తరగతిలోకి రానివ్వడం మానేశాను. తల్లిదండ్రులు ఒకరిద్దరు వచ్చి అడిగారు, వారి చేతికీ దారం ఇచ్చాను.

ఈ సంవత్సరం ప్రాజెక్టు పనిగా మా పిల్లలకు ఇచ్చిన ప్రశ్న ఇది: "బెంగుళూరు – శాన్‌ఫ్రాన్సిస్కోల మధ్య దూరం గ్లోబు మీద కొలవండి. ఎట్లా కొలిచారో రాయండి. మీ జవాబు ఎంతవరకు తప్పయి ఉండవచ్చో కూడా రాయండి." జవాబులు 13,500 నుండి 14,400 దాకా వచ్చాయి. పద్ధతి రాసిన అందరికీ పూర్తి మార్కులు వేశాను. ఒక కుర్రవాడు ఇట్లా రాశాడు: గ్లోబు మీద నుండి తీసేటప్పుడు దారం తెగింది సార్, ముడివేసి స్కేలు మీద పెట్టాను, ముడికి పోయిన అర సెంటీమీటరు కలుపుకున్నాను, అందుకని రెండు వందల కిలోమీటర్లు అటూ ఇటూ ఉండవచ్చు. వాడికి పూర్తి మార్కుల మీద మరొకటి వేశాను. ఆ ఒక్క మార్కు రిజిస్టరులో ఎక్కడ రాయాలో తెలియక మార్జిన్‌లో రాసి ఉంచాను.